సీనియర్ల క్లాస్ ప్రాఫెసీ: బ్యాచ్‌లో ఒక్కరిని కూడా వదలకుండా రాయడం ఎలా

అమెరికా హైస్కూళ్లలో పన్నెండో తరగతి పిల్లలు, అంటే సీనియర్లు, బడి విడిచి వెళ్లే ముందు తమ బ్యాచ్ మొత్తానికీ ఒక జోస్యం రాసుకునే అలవాటు చాలా పాతది. 19వ శతాబ్దం చివరి నాటికే క్లాస్ డే అనే వీడ్కోలు వేడుక రోజున క్లాస్ హిస్టరీ, క్లాస్ పోయెమ్, క్లాస్ విల్, వాటితో పాటు క్లాస్ ప్రాఫెసీ చదివేవారు. హిస్టరీలో గడిచిన నాలుగేళ్ల ముచ్చట్లు ఉంటాయి. విల్ అంటే సీనియర్లు తమ లాకరునో, బస్సులో వెనక సీటునో, ఆలస్యంగా వచ్చే అలవాటునో జూనియర్లకు రాసిచ్చే సరదా వీలునామా. ప్రాఫెసీ మాత్రం పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఎవరెవరు ఎక్కడ తేలారో ఊహించి చెప్పేది. ఇప్పుడు కొన్ని బడుల్లో దీన్ని ఇయర్‌బుక్‌లో, అంటే ఏటా బడి వేసే ఫొటోల జ్ఞాపకాల పుస్తకంలో, వేస్తారు, కొన్నింట్లో సీనియర్ బాంక్వెట్ అనే విందు రోజున మైకులో చదువుతారు.

'మోస్ట్ లైక్లీ టు సక్సీడ్' లాంటి సూపర్‌లేటివ్‌లు, అంటే తోటి పిల్లలు ఇచ్చే బిరుదులు వేరు, ఇది వేరు. అవి ఓట్లతో తేలేవి. మూడు వందల మంది బ్యాచ్‌లో కూడా ఇరవై ముప్పై మందికే దక్కుతాయి, అదీ అందరికీ తెలిసిన మొహాలకే. ప్రాఫెసీలో బ్యాచ్‌లోని ప్రతి ఒక్కరూ ఒక్కసారి కనిపించి తీరాలి. ఈ పనిలో కష్టమంతా ఆ నియమంలోనే ఉంది, విలువా అందులోనే ఉంది. కాబట్టి మీకు ఈ బాధ్యత అప్పగిస్తే మొదట ఆలోచించాల్సింది జోకుల గురించి కాదు, మీకు పేరు తప్ప ఇంకేమీ తెలియని ఆ వంద మంది గురించి.

ముందు లెక్క తేల్చుకోండి

ప్రాఫెసీ మైకులో చదువుతారా, అచ్చు వేస్తారా అన్నది మొదటి వారంలోనే తేలాలి. రెండింటికీ నిడివి వేరు, గడువు వేరు, చివరికి వాక్యం కట్టే తీరు కూడా వేరు.

చదివేదైతే లెక్క ఇలా ఉంటుంది. ఇంగ్లిష్‌లో మామూలుగా నిమిషానికి 130 పదాల దాకా చదవగలరు. మధ్యలో నవ్వులకు, చప్పట్లకు ఆగాలి కాబట్టి 110 వేసుకోండి. పది నిమిషాలకు 1,100 పదాలు వస్తాయి. ఎత్తుగడకు, ముగింపుకు 150 తీసేస్తే 950 మిగులుతాయి. నలభై మంది ఉంటే తలా 23 పదాలు, అది హాయిగా సరిపోతుంది. ఎనభై మంది ఉంటే తలా 12 పదాలు. బిగించి రాస్తే అదీ నడుస్తుంది. వంద దాటితే మాత్రం ఒక్కొక్కరి గురించి మైకులో చదివే ఆలోచన మానుకోండి. పదిహేనో నిమిషం దాటాక హాలు వినడం మానేస్తుంది, అక్షర క్రమంలో చివర ఉన్న పిల్లల పేర్లు ఆ గోలలోనే కొట్టుకుపోతాయి. పెద్ద బ్యాచ్ అయితే పూర్తి పాఠం అచ్చు వేసి, సభలో ఎత్తుగడా ఓ ఇరవై ఎంట్రీలూ మాత్రమే చదవండి. ఆ ఇరవై కూడా పేరున్నవాళ్లవి ఏరుకోకుండా చీటీలు తీసి ఎంచండి.

అచ్చుకైతే 320 మందికి తలా 12 పదాల చొప్పున 3,840 పదాలు. ఫొటోలకు చోటు వదిలితే ఇయర్‌బుక్ పేజీలో 550 పదాల దాకా పడతాయి, అంటే ఏడు పేజీలు. ఎత్తుగడ కలుపుకుని ఎనిమిది. ఇయర్‌బుక్ సాధారణంగా ఫారాలుగా, అంటే 16 పేజీల కట్టలుగా, అచ్చవుతుంది కాబట్టి మీరు అడిగేది సగం ఫారం. ఈ లెక్క చేతిలో పెట్టుకుని సెప్టెంబరులోనే ఇయర్‌బుక్ ఎడిటర్ దగ్గరికి వెళ్లండి. పేజీల పట్టిక, వాళ్ల మాటల్లో ల్యాడర్, ఒకసారి ఖరారైతే జనవరిలో వెళ్లి ఎనిమిది పేజీలు ఇమ్మంటే ఎవరూ ఇవ్వలేరు.

గడువు విషయంలో చాలామంది దెబ్బ తినేది కూడా ఇక్కడే. మే నెలలో పుస్తకం చేతికి రావాలంటే చివరి పేజీలు ఫిబ్రవరిలోనో మార్చిలోనో ప్రెస్సుకు వెళ్లిపోతాయి. అందుకని ప్రాఫెసీ జనవరి ఆఖరుకల్లా పూర్తవ్వాలి. అప్పటికి ఎర్లీ డెసిషన్ లాంటి పద్ధతుల్లో ముందుగా దరఖాస్తు పెట్టినవాళ్లకు తప్ప చాలామందికి కాలేజీ ఫలితాలు రావు. రెగ్యులర్ ఫలితాలు మార్చి చివర్లో మొదలవుతాయి, చాలా కాలేజీలకు సీటు ఖాయం చేసుకునే ఆఖరి తేదీ మే 1. కాబట్టి ప్రాఫెసీలో ఫలానా కాలేజీ అని పేరు పెట్టకండి. డిసెంబరులో ఆశగా చెప్పిన పేరు ఏప్రిల్‌లో నిరాశగా మారితే, ఆ పిల్లకు మే నెలలో ఆ పేజీ తెరవడమే శిక్ష అవుతుంది. ప్రేమజంటలకూ ఇదే వర్తిస్తుంది. జనవరిలో ఒకే వాక్యంలో ఇద్దరినీ కలిపి రాస్తే ఏడాది చివరి డాన్స్ పార్టీ అయిన ప్రామ్ నాటికి వాళ్లు మాట్లాడుకోకపోవచ్చు. ఎవరి వాక్యం వాళ్లకే ఉండాలి.

పేర్ల పట్టిక

ముందుగా సీనియర్ల పట్టిక సంపాదించండి. మీ ఇన్‌స్టాగ్రామ్ నుంచో పాత ఇయర్‌బుక్ నుంచో కాదు, ఈ పని పర్యవేక్షించే టీచరు, అంటే అడ్వైజర్, ద్వారా బడి ఆఫీసు నుంచి. అందులో ఎవరి పేర్లు అచ్చు వేయకూడదో కూడా అడగండి. విద్యార్థుల వివరాల గోప్యత కోసం చేసిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పేరు, ఫొటో లాంటి డైరెక్టరీ వివరాలు బయటపెట్టవద్దని తల్లిదండ్రులు బడికి రాసివ్వవచ్చు. అలా రాసిచ్చినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో కొందరుంటారు, ఎవరన్నది ఆఫీసుకు తెలుస్తుంది.

పట్టికలో పేరున్నా మన కంటికి ఆననివాళ్లు కొందరు ఉంటారు. రోజులో సగం కెరీర్ అండ్ టెక్నికల్ సెంటర్‌లో వెల్డింగో, కాస్మెటాలజీయో నేర్చుకునేవాళ్లు, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద, అంటే బడిలో ఉంటూనే కాలేజీ కోర్సులు చదువుతూ, కమ్యూనిటీ కాలేజీలోనే గడిపేవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల స్పెషల్ ఎడ్ తరగతి గదిలో ఉండేవాళ్లు, నవంబరులో కొత్తగా చేరినవాళ్లు, డిసెంబరులోనే క్రెడిట్లు పూర్తి చేసుకుని వెళ్లిపోయినవాళ్లు, ఒక్క ఏడాదికి వచ్చిన ఎక్స్‌చేంజ్ విద్యార్థులు. పేర్లు తప్పిపోయేది ఎక్కువగా వీళ్లవే. వీళ్లతోనే పని మొదలుపెట్టండి, బాగా తెలిసినవాళ్లను చివరికి ఉంచండి. ప్రాఫెసీ రాసే చాలా కమిటీలు దీనికి తిరగేసి చేస్తాయి. ముందు స్నేహితుల గురించి తలా నలభై పదాలు ఉత్సాహంగా రాసుకుని, జనవరి చివరి రాత్రి మిగిలిన తొంభై మందికి 'పెద్ద కంపెనీకి సీఈఓ అవుతాడు' అని వరసగా కొట్టేస్తాయి. చదివేవాళ్లకు ఆ తేడా మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

కమిటీలో నలుగురైదుగురు చాలు. కానీ నలుగురూ ఒకే లంచ్ టేబుల్ వాళ్లయితే పని జరగదు. ఒకరు ఆటల నుంచి, ఒకరు బ్యాండ్ లేదా నాటకాల నుంచి, ఒకరు ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల్లోంచి, ఒకరు టెక్నికల్ సెంటర్ బస్సెక్కేవాళ్లలోంచి ఉండాలి.

ఒక స్ప్రెడ్‌షీటు తెరవండి. అచ్చులో పేరు, పిలిచే తీరు, దొరికిన సంగతి, ఆ సంగతి ఎవరు చెప్పారు, రాసిన వాక్యం, రాసింది ఎవరు, సరిచూసింది ఎవరు. ఏడు గడులు చాలు. మూడో గడి ఖాళీగా ఉండగా ఐదో గడి నింపకూడదన్న ఒక్క కట్టడి పెట్టుకోండి.

సంగతి రాబట్టడం

మంచి ప్రాఫెసీ వాక్యం బడిలో నిజంగా ఎవరో చూసిన ఒక చిన్న విషయం నుంచి మొలుస్తుంది. అందుకే 'నువ్వు ఏమవ్వాలనుకుంటున్నావు?' అని ఫారంలో అడిగితే లాభం లేదు. సగం మంది డాక్టర్ అనో ఇంజనీర్ అనో రాస్తారు, పావు మంది 'తెలీదు' అంటారు, మిగతావాళ్లు అసలు నింపరు. ఈ ప్రశ్నలు అడిగి చూడండి:

బడి వదిలాక మొదటి గంట ఏం చేస్తావు?
ఏ పని కోసం జనం నీ దగ్గరికి వస్తారు?
నీ చేత్తో బాగుచేసినదో, తయారుచేసినదో, పెంచినదో ఏదైనా ఉందా?
నీ గురించి బడిలో ఎవరికీ తెలియనిది, తెలిస్తే నీకు నచ్చేది ఏమిటి?
ప్రాఫెసీలో రాయకూడనిది ఏదైనా ఉందా?
నీ పేరు ఎలా పలకాలి?

అయిదో ప్రశ్న ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. దానికి కారణం అడగొద్దు, వాదించొద్దు. 'మా నాన్న ఉద్యోగం గురించి వద్దు' అని రాస్తే వద్దు, అంతే.

ఫారం అక్టోబరులో పంపితే సగం మంది నుంచి జవాబు రావడమే ఎక్కువ. మిగతావాళ్ల కోసం రెండోసారి లింకు పంపడం దండగ. మనిషి దగ్గరికి వెళ్లండి. అతను మాట్లాడటానికి ఇష్టపడకపోతే, అతని పక్క సీటువాళ్లు ఒకరు, టీచరో కోచో ఒకరు, ఇంకా తరగతి గది బయట చూసేవాళ్లు ఒకరు, మొత్తం ముగ్గురిని అడగండి. లైబ్రేరియన్, బస్ డ్రైవర్, కెఫెటీరియాలో వడ్డించేవాళ్లు ఇలాంటి పిల్లల గురించి టీచర్ల కంటే ఎక్కువ చెబుతారు. ఎవరు రోజూ థాంక్యూ చెబుతారో, ఎవరు తమ్ముణ్ణి ఎక్కించాకే బస్సెక్కుతారో వాళ్లే చూస్తారు. మార్కులు, హాజరు, శిక్షల సంగతులు మాత్రం ఎవరినీ అడగకండి. అవి బడి రికార్డులు, టీచర్లు మీకు చెప్పకూడదు కూడా.

చట్రం, కాలం

వందల వాక్యాలను కలిపి ఉంచడానికి ఒక కథాచట్రం కావాలి. పది లేదా ఇరవయ్యేళ్ల రీయూనియన్, రాబోయే కాలపు వార్తాపత్రిక, గాజుగోళం, ప్రపంచయాత్రలో ఒక్కొక్కరూ తారసపడటం, ఇవన్నీ బాగా నలిగినవే. నలిగినా పనికొస్తాయి, ఎందుకంటే వినేవాళ్లకు వివరించాల్సిన పనిలేదు. అయితే ఆకాశంలో తేదీ ఖాయమైపోయిన ఒక సందర్భం తీసుకుంటే ఊహకు గట్టి నేల దొరుకుతుంది. 2045 ఆగస్టు 12, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం ఉత్తర కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా అమెరికాను అడ్డంగా దాటుతుంది. 2027 బ్యాచ్ పిల్లలకు అప్పటికి సుమారు 36 ఏళ్లు. పడమర నుంచి తూర్పుకు నీడ వెళ్లే దారి పొడవునా వాళ్లను నిలబెట్టుకుంటూ వెళ్లవచ్చు. ఒక్కో రాష్ట్రంలో ఒక గుంపు, ఒక్కొక్కరూ అప్పుడు చేస్తున్న పని ఆపి తలెత్తి చూస్తారు. ఇంకా ముసలితనం కావాలంటే 2061లో హేలీ తోకచుక్క తిరిగొస్తుంది.

ఏ ఏడు ఎంచుకున్నా కాలం లెక్క సరిచూసుకోండి. ఇక్కడ పొరపాటు పడితే సభలో ఉన్న పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు. 2027లో బడి ముగించిన పిల్ల డాక్టరు కావాలంటే కాలేజీ నాలుగేళ్లు, మెడికల్ స్కూల్ నాలుగేళ్లు, అంటే 2035. ఆపై ఫ్యామిలీ మెడిసిన్‌కు మూడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో శిక్షణ, న్యూరోసర్జరీకి ఏడేళ్లు. కాబట్టి 2037 రీయూనియన్‌కు 'పేరుమోసిన బ్రెయిన్ సర్జన్' రాలేదు, నిద్రచాలని రెసిడెంట్ వస్తుంది. ఆ నిద్రచాలని రెసిడెంటే మంచి బొమ్మ. లాయరు 2034కి బయటికొస్తాడు. నాలుగైదేళ్ల అప్రెంటిస్‌షిప్ ముగించుకుని ఎలక్ట్రీషియన్ అప్పటికే తన పనిలో కుదురుకుని ఉంటాడు. బడి కాగానే సైన్యంలో చేరినవాడికి ఇరవయ్యేళ్ల సర్వీసు 2047లో నిండుతుంది, గ్రహణం నాటికి ఇంకా రెండేళ్లు మిగిలి ఉంటాయి.

అధ్యక్షుడి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ప్రాఫెసీలోనూ ఒకరు అధ్యక్షులవుతారు. రాజ్యాంగం ప్రకారం ప్రతినిధుల సభకు 25, సెనేటుకు 30, అధ్యక్ష పదవికి 35 ఏళ్లు నిండాలి. 2009లో పుట్టినవాళ్లకు 2044లో 35 నిండుతాయి, ఆ నవంబరులోనే ఎన్నిక ఉంది, 2045 జనవరి 20న ప్రమాణస్వీకారం. గ్రహణం నాటికి పదవిలో ఏడో నెల. లెక్క అతికినట్టు సరిపోతుంది. కానీ ఆ వాక్యం ఎవరికి రాస్తున్నారో చూసుకోండి. పుట్టుకతో పౌరులైనవాళ్లే ఆ పదవికి అర్హులు, తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్లకు అది లేదు. వేరే దేశంలో పుట్టి చిన్నప్పుడు ఇక్కడికొచ్చిన పిల్లవాడికి అది చదివినప్పుడు గుర్తొచ్చేది నవ్వు కాదు. గవర్నరు, సెనేటరు, మేయరు పదవులకు ఆ అడ్డు లేదు.

ఒకే భవిష్యత్తు ఇద్దరికి రాకూడదు. ఎన్‌బీఏ ఆటగాడు ఒక్కరు, కోటీశ్వరుడు ఒక్కరు, అంగారకుడి మీద కాలుపెట్టేవారు ఒక్కరు. మిగిలిన మూడు వందల మందికి భూమ్మీద పనులు వెతకండి. వంతెనలు తనిఖీ చేసేవాళ్లు, నర్సులు, వడ్రంగులు, చిన్నపిల్లలకు ఈత నేర్పేవాళ్లు. ఈ పనుల్లో ఉన్నంత వివరం 'సీఈఓ'లో దొరకదు.

ఒక వాక్యం మొదటి నుంచి చివరి దాకా

నాటకాల్లో తెరవెనక పనిచేసే ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, ఫారంలో 'తెలీదు' అని రాశాడు.

మొదటి చిత్తు సాధారణంగా ఇలా వస్తుంది: 'ఇతను హాలీవుడ్‌లో పెద్ద డైరెక్టరై ఆస్కార్ గెలుస్తాడు.' ఇందులో అతను లేడు. ఈ వాక్యం డ్రామా క్లబ్‌లో ఎవరికైనా అంటించవచ్చు. ఇలా పేరు మార్చి ఇంకొకరికి అతికించి చూడటం మంచి పరీక్ష. అతికితే కొట్టేయండి.

డ్రామా టీచర్ని అడిగితే, స్ప్రింగ్ మ్యూజికల్ రోజున సెట్టులో తలుపు కీలు ఊడిపోతే ఇతను రెండో అంకం మొత్తం వెనక నిలబడి చేత్తో పట్టుకున్నాడని చెప్పారు. ఎవరూ గమనించలేదు, తలుపు పడలేదు. సంగతి దొరికింది.

రెండో చిత్తు: 'బ్రాడ్‌వేలో స్టేజ్ మేనేజరై, ఊడిన తలుపులు పట్టుకుంటూ ఉంటాడు.' మెరుగే, కానీ ఇరవయ్యేళ్లు గడిచినా అతను అక్కడే ఉన్నాడు. పైగా కాస్త ఎగతాళి ధ్వనిస్తోంది.

మూడోది: 'బ్రాడ్‌వేలో స్టేజ్ మేనేజర్. తన థియేటర్లో ఏ తలుపూ ఊడదు. అయినా రెండో అంకం మొదలవగానే వెనక్కి వెళ్లి ఒకదానికి చెయ్యి ఆనించి నిలబడతాడు.' ఇందులో మనిషి ఎదిగాడు, అలవాటు మిగిలింది. ఆ రోజు తెరవెనక ఉన్న పదిమందికి అర్థమవుతుంది, లేనివాళ్లకూ బొమ్మ కనబడుతుంది. ఆ పదిమందికి తప్ప ఎవరికీ అర్థం కాకపోతే అది సొంత ముచ్చట, అచ్చుకు పనికిరాదు.

ఇక్కడ మూడు వాక్యాలయ్యాయి. మైకులో చదివే చిన్న బ్యాచ్‌కైతే ఇది చాలు. తలా 12 పదాలే ఉంటే 'తన థియేటర్లో ఏ తలుపూ ఊడదు, అయినా ఒకదానికి చెయ్యి ఆనించే నిలబడతాడు' దాకా కుదించాలి. స్టేజ్ మేనేజర్ అన్న మాట పోయినా ఫరవాలేదు, తలుపు ఉండాలి. కుదించేటప్పుడు చాలామంది ఉద్యోగం ఉంచి వివరం తీసేస్తారు. తీయాల్సింది ఉద్యోగాన్నే.

ఏఐ టూల్‌కు పేర్ల పట్టిక ఇచ్చి రాయించుకోవాలనే ఆలోచన అందరికీ వస్తుంది. దానికి ఆ తలుపు సంగతి తెలియదు, కాబట్టి మొదటి చిత్తు లాంటివే మూడు వందలు రాసిస్తుంది. తోటి పిల్లల పేర్లూ సొంత విషయాలూ అలా బయటి టూల్‌లో పెట్టడం కూడా సరికాదు.

రాయకూడనివి

శరీరం, బరువు, యాస, మతం, డబ్బు, ఎవరు ఎవరిని ఇష్టపడతారన్నది, వీసా లేదా పౌరసత్వం, జైలు, మత్తు. ఇవి జోకుగా కూడా వద్దు. ఎవరికి ఎంతమంది పిల్లలు పుడతారన్న పాత జోకూ వద్దు. ఏ ఉద్యోగాన్నీ శిక్షగా చూపకండి. 'చివరికి బర్గర్లు వేస్తూ తేలాడు' అని రాసే చోట సభలో అదే పని చేసి పిల్లల్ని చదివించిన తల్లి కూర్చుని ఉంటుంది. ఎవరికీ ఓటమి రాయవద్దు. అల్లరి పిల్లవాడికి కూడా అల్లరి పనికొచ్చే భవిష్యత్తు ఏదో ఒకటి ఉంటుంది, వెతకండి.

అందరి వాక్యాలూ ముందే అందరికీ చూపించాలా? చూపిస్తే ఆశ్చర్యం పోతుంది, బేరాలు మొదలవుతాయి. నా సలహా: ఇల్లు, ఆరోగ్యం, ఇష్టాల జోలికి కొంచెం వెళ్లినా ఆ మనిషికే చూపించి ఒప్పుకుంటేనే ఉంచండి. మిగతావి కమిటీలో రాయనివారు ఒకరు, అడ్వైజర్ ఒకరు చదివితే చాలు. అడ్వైజర్ ఏదైనా తీసేయమంటే తీసేయాల్సి వస్తుందని తెలిసి ఉండటం మంచిది. బడి పేరుతో వచ్చే ప్రచురణల్లో విద్యాపరమైన కారణం ఉంటే యాజమాన్యం కత్తెర వేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1988లో హేజల్‌వుడ్ కేసులో తీర్పిచ్చింది. కాలిఫోర్నియాతో పాటు కొన్ని రాష్ట్రాలు విద్యార్థులకు ఇంతకంటే ఎక్కువ స్వేచ్ఛ ఇస్తూ చట్టాలు చేసుకున్నాయి. మీ రాష్ట్రం సంగతి అడ్వైజర్ని అడిగి తెలుసుకోండి.

బ్యాచ్‌లో ఎవరైనా చనిపోయి ఉంటే వాళ్లకు ప్రాఫెసీలో భవిష్యత్తు కల్పించకండి, ఎంత ప్రేమతో రాసినా సరే. కౌన్సెలర్ ద్వారా ఆ కుటుంబంతో మాట్లాడి, వాళ్లు కోరిన తీరులో వేరే పేజీ ఇవ్వండి. ఆ పేజీ ప్రాఫెసీకి ఆనుకుని ఉండకుండా చూడండి.

చదవడం, అచ్చు వేయడం

అచ్చులో పేరు ముందు రావాలి, బోల్డులో, అక్షర క్రమంలో. జనం మొదట వెతికేది తమ పేరే. మైకులో చదివేటప్పుడు దీనికి పూర్తిగా తిరగేయండి, పేరు చివర్లో రావాలి. పేరు ముందే చెబితే స్నేహితులు అరుస్తారు, ఆ అరుపులో వాక్యం మునిగిపోతుంది. వివరం ముందు చెబుతూ పోతే హాల్లో ఒక్కొక్కరూ పోల్చుకుంటారు, తలలు తిరుగుతాయి, చివర పేరు పడగానే నవ్వూ చప్పట్లూ కలిసి వస్తాయి.

పేర్లు పలకడం తేలిక పని అనుకోవద్దు. ప్రతి ఒక్కరి చేత తమ పేరు ఫోనులో రికార్డు చేయించి, స్క్రిప్టులో పలికే తీరులోనే రాసుకోండి. మన పేర్లలో 'త'ని ఇంగ్లిష్‌లో టీ, హెచ్ పెట్టి రాస్తాం కదా, తెలియనివాళ్లు దాన్ని 'థింక్'లో పలికినట్టు పలుకుతారు. స్వాతి, గీత లాంటి రెండక్షరాల పేర్లు కూడా అలాగే పాడవుతాయి. వియత్నామీ, పోలిష్, నైజీరియన్ పేర్లకు వాటి చిక్కులు వాటికున్నాయి. నాలుగేళ్లుగా తప్పుగా పిలిపించుకున్న పిల్లకు చివరి రోజైనా మైకులో సరైన పేరు వినబడాలి.

స్క్రిప్టు 16 పాయింట్ల అక్షరాల్లో, రెండింతల ఎడంతో, ఒకవైపే ప్రింటు తీయండి. ఒక ఎంట్రీ రెండు పేజీల మధ్య విరగకూడదు. ఇద్దరు మార్చి మార్చి చదివితే గొంతూ అలవదు, వినేవాళ్లకూ విసుగు రాదు. నవ్వు తగ్గుముఖం పట్టాకే తర్వాతి ఎంట్రీ అందుకోండి, పూర్తిగా ఆగేదాకా కాదు. గడియారం పెట్టుకుని గట్టిగా రెండుసార్లు చదివి చూడండి. మనసులో చదివితే ఎప్పుడూ టైము తక్కువే చూపిస్తుంది.

అచ్చుకు పంపే ముందు పేర్లు మూడు విధాలుగా సరిచూడాలి. స్ప్రెడ్‌షీటులో వరసల సంఖ్య ఆఫీసు పట్టికతో సరిపోవాలి. ఒక్కో పేరునూ ఫైలులో వెతికితే ఒక్కసారే దొరకాలి, సున్నా వచ్చినా రెండు వచ్చినా తప్పే. చివరగా ఒకరు ఆఫీసు పట్టిక వెనక నుంచి ముందుకు చదువుతుంటే ఇంకొకరు ప్రింటు మీద స్కేలు పెట్టి పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ముందు నుంచి చదివితే కన్ను అలవాటుగా దాటేస్తుంది, వెనక నుంచి వస్తే ఆగి చూస్తుంది. మీ సొంత పేర్లు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. కమిటీవాళ్లు తమనే మరిచిపోవడం మామూలే.

తర్వాత దాచిపెట్టడం. బడి ఇచ్చిన ఈమెయిల్, డ్రైవ్ ఖాతాలు గ్రాడ్యుయేషన్ అయ్యాక మూసేస్తారు, ఫైలు అందులోనే ఉంటే దానితోనే పోతుంది. జూన్ లోపే బయటికి తీసి పీడీఎఫ్ ఒకటి క్లాస్ ప్రెసిడెంట్ దగ్గర, ఇంకొకటి రీయూనియన్ బాధ్యత తీసుకునేవారి దగ్గర ఉంచండి. ఆమ్లం లేని కాగితం మీద ప్రింటు తీసి ఒక ప్రతి బడి లైబ్రరీకి ఇవ్వండి. ఫారాల్లో పిల్లలు రాసిన జవాబులు, ముఖ్యంగా అయిదో ప్రశ్నవి, పూర్తిగా చెరిపేయండి. అవి వాళ్లు మిమ్మల్ని నమ్మి చెప్పినవి. లైబ్రరీ ప్రతిలో మాత్రం ఒక్కో పేరు కింద రెండు గీతలు ఖాళీ వదలండి, రీయూనియన్‌కు వచ్చినప్పుడు నిజంగా ఏమయ్యారో ఎవరిది వాళ్లే రాసుకోవడానికి.